కెమెరాలన్నీ బ్యారేజీ మీదే

(విజయవాడలో డాక్యుమెంటరీలు తీసేవాళ్లు, తీయాలనుకునేవాళ్లు కలిసిన ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. మాట తడబడిన చోట్ల తప్ప ఏమీ మార్చలేదు.)

అందరికీ నమస్కారం. ముందు వరస ఖాళీగా ఉంది, వెనక నిలబడినవాళ్లు వచ్చి కూర్చోండి, మొహమాటం వద్దు. ఇందాక మెట్ల దగ్గర ఒక కుర్రాడు ఆపి, సార్, కృష్ణ మీద డాక్యుమెంటరీ తీద్దామనుకుంటున్నాం, ఏ డ్రోన్ కొంటే మంచిది అని అడిగాడు. ఎక్కడున్నావు బాబూ? ఆఁ, అక్కడున్నాడు. నిన్ను ఆటపట్టించడానికి కాదులే. నీ ప్రశ్న నాకు పనికొచ్చింది. నది మీద సినిమా అనగానే మనకి ముందు డ్రోనే ఎందుకు గుర్తొస్తోంది? ఈ సంగతి మాట్లాడుకుందాం.

మనం చూసే నది డాక్యుమెంటరీలు ఎలా మొదలవుతాయో మీరే చెప్పగలరు. తెల్లవారుజాము, పల్చటి మంచు, పైనుంచి నది, వేణువు, ఆ వెంటనే ఓ గంభీరమైన గొంతు. "మహాబలేశ్వరం దగ్గర సహ్యాద్రి కొండల్లో పుట్టి, 1400 కిలోమీటర్లు ప్రవహించి, నాలుగు రాష్ట్రాలను సస్యశ్యామలం చేసి, హంసలదీవి దగ్గర సాగరంలో సంగమించే కృష్ణవేణి..." నవ్వుతున్నారు, అంటే విన్నారన్నమాట. ఆ వాక్యంలో తప్పు లేదు. ఒక్క అక్షరం తప్పు లేదు. కానీ అది విన్నాక కృష్ణ గురించి, బెజవాడ గురించి మీకు కొత్తగా ఏం తెలిసింది? ఐదో తరగతి సోషల్ పుస్తకంలో చదివిందే కదా. పుట్టుక నుంచి సముద్రం దాకా నలభై నిమిషాల్లో తిప్పి చూపించేస్తే ఎక్కడా ఆగినట్టుండదు. ఎక్కడా ఆగకపోతే మనుషులు కనబడరు, పని కనబడదు, తగాదా కనబడదు. నది దగ్గర తగాదా లేని ఊరు ఏదైనా ఉందా చెప్పండి.

పిట్టకథ ఒకటి. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు స్నానం చేస్తూ "గంగే చ యమునే చైవ" అని చదువుతారు కదా. గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి. ఏడు. ఇంకోసారి లెక్కపెట్టండి, కృష్ణ లేదు! దుర్గా ఘాట్‌లో దిగి, కృష్ణ నీళ్లు నెత్తిన పోసుకుంటూ, మిగతా ఏడింటినీ రమ్మని పిలుస్తాం. ఎవరూ ఫీలవ్వరు, కృష్ణ కూడా ఫీలవ్వదనుకుంటాను.

పేర్లు చదవడం అంటే ఒక సినిమా గుర్తొచ్చింది. అమెరికాలో పేర్ లోరెంజ్ అనే ఆయన మిసిసిపీ నది మీద ‘ద రివర్’ అని అరగంట సినిమా తీశాడు. 1938లో దేశమంతా ఆడింది, అదే ఏడాది వెనిస్ ఉత్సవంలో బహుమతి కూడా వచ్చింది. అందులో వ్యాఖ్యానం చెప్పే గొంతు ఉపనదుల పేర్లన్నీ వరసగా, మంత్రం చదివినట్టు చదువుతుంది. దాదాపు కవిత్వం. అయితే నాకు ఆ సినిమా నచ్చింది అందుకు కాదు. అది ఒక ప్రశ్న పట్టుకుని కూర్చుంది. వరద ఎందుకొస్తోంది? పైన కొండల్లో అడవులు కొట్టేశారు. కింద పత్తి వేశారు, ఏడాది తర్వాత ఏడాది పత్తే వేశారు, నేల సారం పోయింది, పట్టుకునే వేళ్లు లేక మట్టి కొట్టుకుపోయింది. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తాడు. ఇంకో విశేషం ఏంటంటే, షూటింగ్ అయిపోయిందనుకున్నాక 1937 జనవరిలో నిజంగానే పెద్ద వరద వచ్చింది, కెమెరాలు పట్టుకుని మళ్లీ పరిగెత్తారు. ఆ వరద ఘట్టం ఎక్కడ మొదలవుతుందో చూడండి. పొంగే నీళ్ల దగ్గర కాదు, కరుగుతున్న మంచులోంచి కారే చుక్క దగ్గర. చుక్క, దాని తర్వాత ధార, ఆ తర్వాత వాగు, తర్వాత ఇళ్ల మీదికి నీళ్లు. ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలు ఆ కొన్ని నిమిషాలు పదే పదే చూడాలి.

చివర్లో మాత్రం చల్లబడిపోతుంది, అదీ చెప్పాలి. ప్రభుత్వం డబ్బు పెట్టి తీయించిన సినిమా, ఇక డ్యాములు వచ్చాయి, కష్టాలు తీరాయి అంటూ ప్రకటనలా ముగుస్తుంది. ఆ కాలంలో అన్ని దేశాల్లోనూ అంతే. 1928లో సోవియట్ యూనియన్‌లో వెర్తోవ్ అనే దర్శకుడు నీపర్ నది మీద కడుతున్న డ్యామ్‌ని అలాగే పండగలా తీశాడు. ప్రభుత్వం డాక్యుమెంటరీలు తీయించిన మన ఫిల్మ్స్ డివిజన్ 1948లో మొదలైంది, వాటిని హాల్లో అసలు సినిమాకి ముందు చూపించేవాళ్లు, ఇక్కడున్న పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది, సరిగ్గా ఆ టైముకి బయటికెళ్లి సోడా తాగేవాళ్లు.

సరే, మన ఊరికొద్దాం. 2024 సెప్టెంబరు వరద. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, ఎన్ని చేతులో. వీళ్లకి నేను చెప్పాల్సిందేమీ లేదు, వీళ్లే నాకు చెప్పాలి.

ఆ రోజు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. అంతకుముందు 2009 అక్టోబరులో వచ్చిన 11.10 లక్షలే రికార్డు. మామూలుగా 3.97 లక్షలు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 5.69 లక్షలు దాటితే రెండోది. అంటే రెండో హెచ్చరికకి రెట్టింపు నీళ్లు. డెబ్బై గేట్లు ఎత్తేశారు. పైనుంచి పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర ఢీకొన్నాయి, కౌంటర్ వెయిట్లు, అంటే గేట్లు తేలిగ్గా లేవడానికి పెట్టే బరువులు, దెబ్బతిన్నాయి. ఇక చెప్పేదేముంది, కెమెరాలన్నీ బ్యారేజీ మీదే. టీవీ వాళ్లు, యూట్యూబ్ వాళ్లు, సెల్‌ఫోన్లతో జనం, అందరూ కృష్ణ వైపు తిరిగి నిలబడ్డారు. ఊరు మునిగింది ఎటువైపు? వెనక వైపు. బుడమేరు వాగు వైపు. నది ఒడ్డున ఉన్న కృష్ణలంకకి రిటైనింగ్ వాల్ ఉంది, అది నిలబడింది. ఇటు చూస్తుంటే అటునుంచి నీళ్లొచ్చాయి.

ఎందుకలా జరిగిందో మీ సినిమా చూపించగలదా? ఇది అసలు పరీక్ష. మునిగిన వీధి చూపించడం తేలిక, ఫోన్ ఉన్న ప్రతివాడూ చూపించాడు. ఎందుకు మునిగింది అన్నది కెమెరాకి కనబడదు. బుడమేరు పైన మైలవరం వైపు నుంచి వస్తుంది, దాని సొంత దారిలో వదిలేస్తే ఊరి పక్కనుంచి, ఇప్పుడైతే ఊరి మధ్యనుంచి అనాలి, కొల్లేరుకి పోతుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, మళ్లింపు కాలువ తవ్వి, ఆ నీళ్లని ఇబ్రహీంపట్నం దగ్గర బ్యారేజీకి పైన కృష్ణలోకి పంపిస్తారు. బాగానే ఉంది. మరి ఆ రోజు కృష్ణే నిండుగా పోతుంటే? నిండుగా ఉన్న నదిలోకి కాలువ నీళ్లు దిగవు. వెనక్కి తంతాయి. మళ్లింపు కాలువ గట్లకి గండ్లు పడ్డాయి. అటు పాత దారిలోకీ నీళ్లు, గండ్లలోంచీ నీళ్లు. ఆ దారిలో ఇప్పుడేమున్నాయి? ఇళ్లున్నాయి. వాగు పోయే చోట ఎవరు ఇళ్లు కట్టుకున్నారు అని అడగడం తేలిక, ఆ స్థలం ఎవరు అమ్మారు, ఎవరు ప్లాను ఇచ్చారు, అంతకంటే చవగ్గా ఊళ్లో ఇంకెక్కడ దొరికింది అని కూడా అడిగితేనే సినిమా అవుతుంది.

దీన్నెలా తీస్తారు? గ్రాఫిక్స్ అంటారు మీరు, నాకు తెలుసు. నీలం బాణాలు, ఎర్ర బాణాలు. వద్దు. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర పనిచేసిన మనిషిని, కవులూరు వైపు పొలం మునిగిన రైతుని, సింగ్‌నగర్‌లో రెండో అంతస్తు మీద రోజుల తరబడి ఉన్న గృహిణిని తీసుకోండి. ఒక్కొక్కరి చేతికి ఒక సుద్దముక్క ఇచ్చి, నీళ్లు ఎటునుంచి వచ్చాయో నేల మీద గీసి చూపించమనండి. ముగ్గురూ మూడు రకాల మ్యాపులు గీస్తారు. మూడూ కలిపితే బుడమేరు తయారవుతుంది. ఇంజనీరు గీసే మ్యాపు నాలుగోది, అది చివర్లో పెట్టండి, మొదట్లో కాదు. మొదట్లో పెడితే మిగతా ముగ్గురూ సాక్షులైపోతారు, ఆయనొక్కడే తెలిసినవాడవుతాడు.

ఇంకోటి, చాలా ముఖ్యమైనది. ఆ రోజుల్లో మీ ఫోన్లతో తీసిన వీడియోలు ఉన్నాయి కదా, వాటిని డిలీట్ చేయకండి. స్టోరేజ్ నిండిందని తీసేస్తున్నారు జనం. ఏ వీధి, ఏ తేదీ, ఎన్ని గంటలకి, నీళ్లు ఎంతవరకు వచ్చాయి, ఇది రాసిపెట్టి ఒకచోట చేర్చండి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన వీడియో కాదు, తీసిన ఫోన్‌లోంచి అసలు ఫైలు. పాటలు కలిపినవి పక్కన పెట్టండి. నీళ్ల చప్పుడు, పక్కింటివాళ్లని పిలిచిన కేక, పడవలో పాల ప్యాకెట్లు తెచ్చినవాడి గొంతు, అవి ఉండాలి. పాట పడితే అవన్నీ పోతాయి.

చప్పుడు అన్నాను కాబట్టి రాబర్ట్ గార్డనర్ సినిమా ఒకటి చెప్తాను. ‘ఫారెస్ట్ ఆఫ్ బ్లిస్’, 1986, కాశీలో గంగ ఒడ్డున తీసింది. గంటన్నర. ఒక్క మాట వ్యాఖ్యానం లేదు, సబ్‌టైటిళ్లు కూడా లేవు. తెడ్డు కిర్రుమనే చప్పుడు, చితికి కట్టెలు తూకం వేసే చప్పుడు, బంతిపూలు, కుక్కలు. చూసినవాళ్లలో సగంమంది అద్భుతం అన్నారు, మానవశాస్త్రం చదివినవాళ్లు కొంతమంది ఇదేంటయ్యా, ఎవరేం చేస్తున్నారో ఒక్కటీ చెప్పవేంటి అని కోప్పడ్డారు. నాకు ఇద్దరి మాటా సబబే అనిపిస్తుంది. చెవులు తెరుచుకోవడానికి ఆ సినిమా చూడండి. మన పున్నమి ఘాట్ దగ్గర, పద్మావతి ఘాట్ దగ్గర కళ్లు మూసుకుని అరగంట కూర్చోండి, మైకు దేని వైపు పెట్టాలో తెలుస్తుంది. అలాగని బుడమేరు సంగతి మాటల్లేకుండా చెప్పగలరా? చెప్పలేరు. ఏ నదికి ఏది కావాలో ఆ నదిని బట్టి.

ఇక డ్యాముల వల్ల వచ్చే ముంపు. నర్మద మీద మన దేశంలో ఎన్ని సినిమాలు వచ్చాయో చూడండి. ఆనంద్ పట్వర్ధన్, సిమంతినీ ధురు కలిసి తీసిన ‘నర్మదా డైరీ’ 1995లో వచ్చింది. ఫ్రానీ ఆర్మ్‌స్ట్రాంగ్ అని ఇంగ్లండ్ అమ్మాయి జల్‌సింధి అనే ఊళ్లో కూర్చుని, ఇల్లు వదలం, మునిగితే మునుగుతాం అన్న కుటుంబంతో ఉండి తీసింది, అది 2002. చైనాలో త్రీ గోర్జెస్ డ్యామ్ కట్టినప్పుడు పది లక్షల మందికి పైగా ఊళ్లు వదిలారు కదా, యుంగ్ చాంగ్ 2007లో తీసిన ‘అప్ ద యాంగ్‌ట్సీ’లో ఇల్లు మునిగిపోబోయే ఒక రైతు కూతురు టూరిస్టుల పెద్ద పడవలో గిన్నెలు కడిగే పనికి చేరుతుంది. అదే నది మీద, వాళ్ల ఊరు చివరిసారి చూసిపోదామని వచ్చినవాళ్ల ఎంగిలి గిన్నెలు. దాని మీద ఉపన్యాసం అక్కర్లేదు.

మరి మనకి? శ్రీశైలం డ్యామ్ ముంపు మీద తెలుగులో డాక్యుమెంటరీ చూశామన్నవాళ్లు చెయ్యెత్తండి. ...సరే. ఇందాక బుడమేరుకి ఎన్ని చేతులు లేచాయో గుర్తుపెట్టుకోండి. 1981 ప్రాంతంలో వంద దాకా ఊళ్లు ఖాళీ చేయించారు. అలంపురం వెళ్తే కూడవెల్లి సంగమేశ్వరుడి గుడి ఉంటుంది, మునిగిపోకుండా రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ కట్టారు, చక్కగా కట్టారు. గుడి తరలింపు గురించి చదవడానికి దొరుకుతుంది. ఆ గుడి ఉన్న ఊరి జనం ఎటు తరలారో, ఎవరు ఎక్కడ తేలారో చూపించే బొమ్మ నాకు మీరు చూపించండి. అప్పుడు ముప్పై ఏళ్లున్నవాళ్లకి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఇంకా ఆగితే గొంతు కూడా దొరకదు. కర్నూలు, నంద్యాల వైపు బంధువులున్నవాళ్లు ఈ ఎండాకాలమే వెళ్లండి. నీళ్లు తగ్గినప్పుడు సప్తనదుల సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, కొన్ని నెలలు కనబడి మళ్లీ మునుగుతుంది. గుడిని అందరూ తీస్తారు. మీరు గుడి చూడ్డానికి వచ్చే ఆ ముసలివాళ్లని తీయండి. మా ఇల్లు అదిగో అక్కడ అని నీళ్ల వైపు చూపిస్తారు.

ఇప్పుడు నేను చెప్పదల్చుకున్న అసలు మాట. ఇరిగేషన్ వాళ్లకి ఏడాది జనవరిలో మొదలవదు. జూన్ 1న మొదలై మే 31తో అయిపోతుంది. నీటి సంవత్సరం అంటారు. మీ సినిమాకి కూడా అదే క్యాలెండర్ పెట్టుకోండి. ఒక్క చోట, ఒక్క నీటి సంవత్సరం. కృష్ణ మొత్తం వద్దు. బ్యారేజీకి పైన రెండు కిలోమీటర్లు, కింద రెండు కిలోమీటర్లు చాలు.

అక్కడేముంది అంటారా? 1855లో ఇంగ్లీషువాళ్లు కట్టిన ఆనకట్ట 1952లో తెగింది, దాని బదులు కట్టిన బ్యారేజీ 1957లో పూర్తయింది. దాని వెనక నిలబడే నీళ్లు మూడు టీఎంసీల పైచిలుకు, పన్నెండు అడుగుల మట్టం. అంతే. ఆ కాసిని నీళ్ల దయ మీద పదమూడు లక్షల ఎకరాల డెల్టా. ఇటు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మన ఊళ్లోంచే పోతాయి. అటు సీతానగరం దగ్గర మొదలయ్యే కాలువ తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు. ఎగువ నుంచి ఎంతొస్తోంది, కాలువలకి ఎంత వదలాలి, సముద్రానికి ఎంత పోనివ్వాలి అని రోజూ ఎవరో ఒకరు గేజ్ చూసి రిజిస్టర్‌లో రాస్తున్నారు. ఆ రిజిస్టర్ రాసే చెయ్యి మీకు ఎప్పుడైనా తెర మీద కనబడిందా? కాలువ గట్ల మీద తిరుగుతూ నీళ్ల సంగతి చూసే పనివాళ్లు, లస్కర్లు, ఉంటారు, ఇప్పుడు చాలా తక్కువమంది మిగిలారు. చివరి ఆయకట్టుకి నీళ్లు రాలేదంటే రైతు తిట్టేది ముందు లస్కర్నే, మంత్రిని కాదు. ఒక లస్కర్‌తో ఒక పంటకాలం తిరగండి, డెల్టా రాజకీయం అంతా సైకిల్ మీద కనబడుతుంది.

జూన్‌లో అందరూ ఆకాశం వైపు చూస్తుంటారు. పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు వస్తే ఇబ్రహీంపట్నం దగ్గర కలుస్తాయి, 2015 నుంచీ అదొక ఆశ. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరుల్లో వరద ఉంటే గేట్లెత్తుతారు, జనం మొక్కజొన్న పొత్తులు తింటూ చూస్తారు, ఆ షాట్ మీరెలాగూ తీస్తారు, తీయండి, ఒక్కటి చాలు. దసరాకి తెప్పోత్సవం, వరద ఎక్కువగా ఉన్న ఏడాది హంస వాహనాన్ని కదలకుండా కట్టేసి పూజ చేస్తారు, అదీ నదే నిర్ణయిస్తుంది. తర్వాత జనవరి, ఫిబ్రవరి, ఎవరూ రారు. బ్యారేజీ కింద ఇసుక తేలుతుంది. పాయల్లో మోకాలి లోతు నీళ్లు, విసురువలలు, ఇసుక లారీలు, ఇసుక మీద క్రికెట్. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు దివిసీమలో, బందరు వైపు మంచినీళ్ల చెరువులు నింపుకోవాలి, అప్పుడు చూడాలి టెన్షన్! కట్టేశాక మన ఊళ్లో కాలువ అడుగు బయటపడుతుంది. ఏడాది పొడవునా మనం ఏమేం పడేశామో అన్నీ ఉంటాయి అక్కడ. పూడిక, గుర్రపుడెక్క, దేవుడి పటాలు, పరుపులు. నదికి మన ఊరు ఏమిస్తోందో తెలియాలంటే ఆ కాలువ అడుగు కంటే మంచి లొకేషన్ లేదు. కాలువలు కట్టేసే తేదీ పేపర్లో వేస్తారు, చూసుకోండి.

కిందికి నీళ్లు వదలని నెలల్లో అవనిగడ్డ, నాగాయలంక వైపు ఏమవుతుందో కూడా ఒక్కసారి వెళ్లి చూడండి. సముద్రం పైకి ఎగదన్నుతుంది. బోరు నీళ్లు ఉప్పెక్కుతాయి. మడ అడవుల్లో పీతలు పట్టే యానాదులకి నీళ్ల రుచిని బట్టి బ్యారేజీ గేట్ల సంగతి తెలిసిపోతుంది. ఇది నేను అతిశయోక్తిగా అనడం లేదు, వాళ్లతో మాట్లాడండి. రెండు కిలోమీటర్లు చాలన్నాను, అవును, ఈ ఒక్క ప్రయాణం మినహాయింపు.

టైము అయిపోయిందని చీటీ పంపారు. అనుమతుల గురించి ఇందాక ఇద్దరు ముగ్గురు అడిగారు, అది చెప్పి ఆపేస్తాను. బ్యారేజీ, రెగ్యులేటర్లు, లాకులు జలవనరుల శాఖవి. దొంగతనంగా తీయకండి. ఉత్తరం రాసి, ఏం తీస్తున్నారో చెప్పి, ఆఫీసులో ఇంజనీరుని కలవండి. మొదటిసారి రేపు రమ్మంటారు, వెళ్లండి. రోజూ కనబడితే మీరూ వాళ్లలో ఒకరవుతారు, ఏడాదిపాటు తీసే సినిమాకి అదే కావాలి. ఇక మనుషుల దగ్గర అనుమతి. రాణిగారితోటలోనో సింగ్‌నగర్‌లోనో ఒకరింట్లోకి కెమెరా తీసుకెళ్తే, వాళ్లు మునిగిన రోజు ఎలా ఉన్నారో చూపించేటప్పుడు, ఆ ముక్క ముందు వాళ్లకే చూపించండి. వద్దంటే తీసేయండి. వాదించొద్దు. సినిమా పూర్తయ్యాక మొదటి ప్రదర్శన ఈ ఏసీ హాల్లో పెట్టకండి, వాళ్ల కాలనీలో, సామియానా వేసి, పిల్లలు అరుస్తుండగా పెట్టండి. ఎక్కడ నవ్వారో, ఎక్కడ లేచి వెళ్లిపోయారో రాసుకోండి, మళ్లీ ఎడిటింగ్ చేసుకోవచ్చు.

ఇక మీరు అడగండి. ముందు ఆ వెనక వరసలో అమ్మగారికి మైకు ఇవ్వండి, ఆవిడ ఎప్పట్నుంచో చెయ్యెత్తి ఉన్నారు.